ఎర్ర కార్డు

సైరన్ మోగినప్పుడు బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు కోటి.

అతనుండేది గల్ఫ్‌లో, అమెరికా మిలిటరీ బేస్‌ వంటశాలలో. అతని భార్య శివపార్వతి ఉన్నది పిడుగురాళ్ల హైవే పక్కన ఫ్లెక్సీ షాపులో. ఫోన్ని కంప్యూటర్‌కి ఆనించి పెట్టుకుని, ఒక కన్ను మొగుడి మీద, ఒక కన్ను పని మీద వేసి మాట్లాడుతోంది. ఎవరి పిల్లదో ఓణీల ఫంక్షన్. ఫొటోలో పిల్ల వెనకున్న బట్టల తీగ తీసేసి నెమళ్ళు పెట్టాలి. జడ పక్కన రేగిన వెంట్రుకల చుట్టూ మౌస్ మెల్లగా నడుపుతూ, వెంట్రుక తెగకుండా తీగ ఒక్కటే చెరుపుతోంది.

"మీ అమ్మకి నా పప్పు నచ్చలేదంట బావా. పొద్దున గిన్నె పక్కకి నెట్టి పచ్చడేసుకుని తింది."

"నువ్వు చింతపండు దిట్టంగా పిసుకుతావు మరి," అని కోటి నవ్వాడు.

అప్పుడే కూత మొదలైంది. సున్నం బస్తాల లారీ ఏదో షాపు ముందు హారన్ కొడుతోందనుకుని పార్వతి విసుగ్గా బయటికి చూసింది. బయట లారీ లేదు. కూత ఫోన్లోంచి వస్తోంది. కోటి చేతిలో కత్తి ఆగిపోయింది. మొహంలో నవ్వు ఇంకా పోలేదు గానీ, కళ్ళు మాత్రం పైకప్పుకేసి చూస్తున్నాయి.

"బావా, ఏంది అది?"

ఫోన్ చేతిలోకి తీసుకున్నట్టున్నాడు, బొమ్మంతా అల్లాడిపోయింది. ట్యూబ్‌లైటు, గోడ, పరిగెత్తే బూట్లు. సన్నటి దారిలో సైనికులు ఒకరి వెనక ఒకరు పోతున్నారు. చివర్లో ఇనప తలుపు. పక్కనే గోడకి చిన్న పెట్టె. ఒక్కో సైనికుడూ మెడలో కార్డు ఆ పెట్టెకి తాకించడం, ఆకుపచ్చ లైటు వెలగడం, లోపలికి దూరడం.

"నువ్వూ పో బావా! వాళ్ళ ఎనకమాలే పో!" పార్వతి కుర్చీలోంచి లేచి నిలబడింది.

కోటి చెయ్యి కనిపించింది. ఎర్ర కార్డు పెట్టెకి తాకింది. ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ తాకించాడు. మళ్ళీ ఎరుపే. చివరి సైనికుడు పక్కనుంచి దూరాడు. తలుపు మూసుకుంది.

"ఈ కార్డుకి తెరుచుకోదే," అన్నాడు కోటి. ఆదివారం కొట్టు మూశారని చెప్పినట్టు మామూలుగా అన్నాడు.

తర్వాత అతను వంటశాలలోకి వెనక్కి వచ్చి కూరగాయలు తరిగే స్టీలు బల్ల కింద దూరాడు. అక్కడ అప్పటికే మరికొందరు ముడుచుకుని ఉన్నారు. అందులో మస్తాన్‌ని పార్వతి గుర్తుపట్టింది. వాళ్ళ వీధి వెనక ఉండే తహసీన్ మొగుడు. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. ఎక్కడో ధడేల్‌మంది. బల్ల మీది గిన్నెలు గలగలమన్నాయి. బొమ్మ ఆగిపోయింది.

మెషీన్ దగ్గర ఫ్లెక్సీ చుట్టలు సర్దుతున్న షాపు యజమాని సత్యనారాయణ పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా పార్వతీ? ఆ అరుపేంది?"

ఆమె ఫోన్ చూపించింది. తెర మీద స్టీలు బల్ల కాలు ఒక్కటే ఉంది.

చాలాసేపటికి కోటి మళ్ళీ చేశాడు. వచ్చిన క్షిపణిని పైనే పేల్చేశారంట, ఏం కాలేదంట. ఊపిరి మాత్రం మెట్లెక్కి వచ్చినవాడిలా తీస్తున్నాడు.

"యుద్ధం మొదలైనకాడి నుంచీ ఇంతేనా బావా?"

"ఇంతే. మేం కాంట్రాక్టు మనుషులం కదా. ఆ బంకర్లో పట్టే లెక్కలో మేం లేమంట. బల్ల కింద కూర్చోమన్నారు." ఫోన్ దగ్గరగా తెచ్చుకుని అన్నాడు: "అమ్మకి చెప్పమాక. బంకర్లోనే ఉంటన్నానని చెప్పా."

*

వీరరాఘవమ్మ శివపార్వతికి ఉత్త అత్తగారు కాదు, సొంత మేనత్త. అందుకని ఇద్దరి మధ్యా మర్యాదలు తక్కువ, అరుపులు ఎక్కువ. సాయంత్రం పార్వతి ఇంటికొచ్చేసరికి ఆవిడ అరుగు మీద చాట ముందేసుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఎదురింటావిడ కూలబడి టీవీలో చూసిన యుద్ధం గురించి చెబుతోంది. అమెరికా విమానాలు ఇరాన్ మీద బాంబులేశాయంట, వాళ్ళు గల్ఫ్‌లో అమెరికా బేస్‌ల మీదికి క్షిపణులు వదులుతున్నారంట, ఆకాశం అంతా టపాకాయలంట.

"మా వాడికి ఏం కాదమ్మా," అంటోంది వీరరాఘవమ్మ. "సైరన్ మోగంగానే అమెరికావాళ్ళు ముందు వంటోళ్ళనే లోపలికి తోస్తారంట. మరి వంటోడు పోతే వాళ్ళకి కూడెవడు వండుతాడు? తెలివైనోళ్ళమ్మా వాళ్ళు."

ఎదురింటావిడ తలూపింది. పార్వతి చెప్పులు విడిచి గబగబా లోపలికి పోయింది. స్టవ్ మీద కుక్కర్ పెట్టింది. అది కూత వెయ్యగానే ఒళ్ళు ఝల్లుమని గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమే, కుక్కర్ అరుస్తంటే ఆపవేం? చెవుడొచ్చిందా?" బయటనుంచి అత్త కేకేసింది.

ఆ రోజునుంచి ఆమెకి ఏ కూత విన్నా అదే అయింది. రైలు కూసినా, అంబులెన్సు పోయినా, పక్క వీధిలో ఐస్‌బండి వాడు బూర ఊదినా, ఉన్నచోటే నిలబడిపోయేది. ఎర్ర లైటు చూసినా అంతే. షాపులో మెషీన్ మీద ఉన్న చిన్న ఎర్ర లైటుకి ఒక కాగితం ముక్క అతికించింది.

*

రెండ్రోజులు పోయాక నాగేంద్రమ్మ టీచరు షాపుకొచ్చింది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా, భుజాన గుడ్డ సంచీతో, ఎండన పడి నడిచొచ్చింది.

"సత్యనారాయణా, ఒక బ్యానర్ కావాలి. ఆదివారం సాయంత్రం బస్టాండ్ సెంటర్లో యుద్ధం ఆపమని మీటింగ్. ఎస్.ఐ. గారు గంటసేపు పర్మిషన్ ఇచ్చారు. దిష్టిబొమ్మలు తగలబెట్టకూడదన్నారు. నాకు నిలబడ్డానికే ఓపిక లేదు, తగలబెట్టేదెక్కడ అన్నాను."

సత్యనారాయణ తల గోక్కున్నాడు. "మీరు నాకు చదువు చెప్పారు టీచరుగారూ, కాదనలేను. కానీ కింద షాపు పేరు వెయ్యను. వ్యాపారం చేసుకునేవాడిని. అయినా మనూళ్ళో నలుగురు మైకు పట్టుకుంటే అమెరికా ఆగుద్దా?"

"ఆగదని నాకూ తెలుసు. ఊరుకుంటే ఆగుద్దేమో చెప్పు, ఊరుకుంటా."

ఆవిడ వచ్చి పార్వతి పక్కన స్టూలు మీద కూర్చుని, ఏం రాయాలో ఒక్కో మాటా చెప్పింది. పార్వతి టైపు చేసింది. 'యుద్ధం వద్దు' పెద్దక్షరాల్లో. కింద 'అమెరికా దాడులు ఆపాలి'. పావురం కావాలంటే, పోయిన క్రిస్మస్‌కి చర్చి వాళ్ళ ఫ్లెక్సీలో వాడినది వెతికి, దాని చుట్టూ ఉన్న నక్షత్రాలు చెరిపి పెట్టింది.

"దాని కింద రాయమ్మా: అక్కడున్న మన బిడ్డల్ని క్షేమంగా ఇంటికి చేర్చాలి."

పార్వతి 'మన బిడ్డల్ని' వరకూ కొట్టింది. వేళ్ళు ముందుకు సాగలేదు. కర్సర్ అక్కడే ఆరుతూ వెలుగుతూ ఉంది.

"ఏమ్మా, గుణింతం సందేహమా?"

"మా ఆయన ఆడే ఉన్నాడు మేడమ్," అంది పార్వతి తెరకేసే చూస్తూ. ఇక ఆగలేదు. తలుపు సంగతి, కార్డు సంగతి, బల్ల కింద మనుషుల సంగతి, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గిస్తూనే ఉంది, చివరికొచ్చేసరికి మెషీన్ చప్పుడులో ఆవిడ ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

నాగేంద్రమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆదివారం ఈ మాట చెబుతావా అమ్మాయ్?"

"అమ్మో! నావల్ల కాదు మేడమ్. ఆయన ఉద్యోగం పోయిద్ది. ఇంకేమైనా చేస్తారు ఆయన్ని."

"సరే, వద్దులే. నేను చెబితే ఎక్కడో చదివొచ్చి చెబుతోందంటారు. అందుకని అడిగా." లేచి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "బల్ల కింద కూర్చున్నప్పుడు ఫోన్ చేస్తాడా నీకు?" అని అడిగింది.

"చేస్తాడు."

"ఎత్తు. ఏ పనిలో ఉన్నా ఎత్తు," అని వెళ్ళిపోయింది.

*

టీచరుకి చెప్పాక పార్వతికి ఒక ధైర్యం లాంటిది వచ్చింది. కోటిని గల్ఫ్‌కి పంపిన ఏజెంటు సుధీర్ బాబుకి ఫోన్ చేసింది. అతని ఆఫీసు నరసరావుపేటలో. చుట్టుపక్కల ఎవరు గల్ఫ్‌కి పోయినా అతని చేతుల మీదుగానే పోతారు.

"అన్నా, మా ఆయన్ని ఎనక్కి రప్పించు. యుద్ధం తగ్గాక మళ్ళీ పోతాడు."

"మధ్యలో ఎట్టా వస్తాడు చెల్లెమ్మా? కాంట్రాక్టు ఉందిగా. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. యుద్ధమని చెప్పి పని మానేస్తే మళ్ళీ ఏ దేశమూ పోలేడు." అతని గొంతు మెత్తగా ఉంది. "అయినా భయమెందుకు? అమెరికా బేస్ అంటే మన ఇంటికన్నా భద్రం."

"బంకర్ తలుపు తీయట్లేదంటన్నా. వాళ్ళ కార్డుకి..."

అతని గొంతులో మెత్తదనం పోయింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"వీడియోలో చూశా."

"వీడియోలో చూశావా." ఆ మాటని అతను నెమ్మదిగా, తూచినట్టు పలికాడు. "చెల్లెమ్మా, బేస్ లోపలి సంగతి బయటికి చెబితే సెక్యూరిటీ కేసు. ఆ జైలు మన గురజాల సబ్‌జైలు కాదు, బెయిలుకి నేను రాను. ఎవరికన్నా చెప్పావా?"

"లేదన్నా."

"చెప్పమాక. మీ ఊళ్ళో ఏదో శాంతి మీటింగంటగా ఆదివారం. అటు పోమాక. నీ మంచికే చెబుతున్నా."

ఫోన్ పెట్టేశాక పార్వతి అరచేతులు చీరకి తుడుచుకుంది. ఎంత తుడిచినా తడి పోలేదు. తన నోటితోనే కోటిని పట్టిచ్చానా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తహసీన్ వచ్చింది. బుర్ఖా మీద చున్నీ సరిగా చుట్టుకోకుండానే వచ్చింది. సుధీర్ బాబు ఆమెకీ ఫోన్ చేశాడట. పంపు దగ్గర బిందె పెట్టి నిలబడ్డ పార్వతి దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నీకు దండం పెడతా. ఆ మీటింగ్‌లో నోరు తెరవమాక. ఒకడు మాట్లాడితే అందర్నీ తిప్పలు పెడతారంట. మా మస్తాన్ నోట్లో నాలిక లేనోడు అక్కా. ఆడ ఏదన్నా అడిగితే జవాబు కూడా చెప్పలేడు."

"నేను మాట్లాడనే. నీ మీద ఒట్టు."

బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లుతున్నా ఇద్దరూ అట్టాగే నిలబడ్డారు.

శనివారం కోటి చేశాడు. బట్టలుతికే షెడ్డు మీద క్షిపణి శకలాలు పడ్డాయట. నేపాల్ కుర్రాడొకడికి వీపంతా గాజు ముక్కలట. చెబుతూ చెబుతూ అకారణంగా నవ్వాడు. ఆ నవ్వుకి పార్వతికి సైరన్ కన్నా ఎక్కువ భయమేసింది.

"చిన్నప్పుడు పిడుగులు పడతంటే మంచం కింద దూరేవోళ్ళం గుర్తుందా పార్వతీ? నువ్వు 'అర్జునా, ఫల్గుణా' అని మొత్తం పేర్లు చదివేదానివి. నాకు రెండే గుర్తొస్తన్నాయి. మిగతావి చెప్పు."

ఆమె చెప్పింది. అతను ఒక్కోటీ వెనకాల పలికాడు.

*

ఆదివారం ఆమె బస్టాండ్ సెంటర్‌కి పోయింది మాట్లాడడానికి కాదు. ఫ్లెక్సీలు కట్టేవాడు పెళ్ళికి పోయాడు. సత్యనారాయణ తను రాలేనన్నాడు. బ్యానర్ కట్టేసి వెంటనే తిరిగొచ్చేయాలని పార్వతి ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని పోయింది. మూలల్లోని రింగుల్లోంచి తాడు దూర్చి, ఒక పక్క కరెంటు స్తంభానికీ ఒక పక్క టీకొట్టు రేకుల గుంజకీ లాగి కట్టింది. గాలికి పావురం ఉబ్బి, మళ్ళీ లోపలికి పోతోంది.

జనం పెద్దగా లేరు. టీచరు పాత విద్యార్థులు కొందరు, రిటైరైన వాళ్ళు కొందరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. మిగతావాళ్ళు మాచర్ల బస్సు కోసం ఎదురుచూసే జనం. నాగేంద్రమ్మ మైకులో మాట్లాడుతోంది. ఏ దేశం మీద ఎప్పుడు బాంబులు పడ్డాయో, ఎంతమంది పసిపిల్లలు పోయారో చెబుతోంది. ఆటోలు హారన్లు కొడుతూ ఆ మాటల్ని తొక్కుకుంటూ పోతున్నాయి. ఎవరో కుర్రాడు బండి ఆపి, "మామ్మా, అమెరికాకి వినపడిందంట!" అని అరిచి పోయాడు. కొందరు నవ్వారు.

పార్వతి తాడు చివర ముడి వేస్తోంది. పక్కనే అరటిపళ్ళ బండి దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన పండు ఒలుచుకుంటూ పక్కవాడితో అన్నాడు: "ఆ పడేవన్నీ మిలిటరీ బేస్‌ల మీదేగా పడేది. మనకేంది? మనోళ్ళెవరున్నారాడ?"

పార్వతి ముడి వెయ్యడం ఆపింది. ఆయన మొహంలోకి చూసింది. మంచి మనిషిలాగే ఉన్నాడు. పండు తినేసి తొక్క ఎక్కడ వెయ్యాలా అని చుట్టూ చూస్తున్నాడు.

తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, మైకు దాకా తను ఎట్టా నడిచిందో ఆమెకి గుర్తు రాదు. నాగేంద్రమ్మ మాట మధ్యలో ఆపి మైకు ఎత్తు తగ్గించి పక్కకి జరిగింది.

"మా ఆయన ఉన్నాడాడ," అంది పార్వతి. మైకు కీచుమంది. ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెట్టింది. "మా ఆయన పేరు కోటేశ్వరరావు. ఆ బేస్‌లో వంట చేస్తాడు. సైరన్ మోగితే సైనికులు బంకర్లోకి పోతారు. తలుపు కార్డుకి తెరుచుకుద్ది. మా ఆయన కార్డుకి తెరుచుకోదు."

అప్పుడు ఆమెకి సుధీర్ బాబు కనిపించాడు. కూల్‌డ్రింకుల షాపు ముందు నిలబడి, ఫోన్ ఎత్తిపట్టి ఆమెనే తీస్తున్నాడు. ఫోన్ వెనక అతని నోరు నవ్వుతున్నట్టుంది. తహసీన్ మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఇంకొక్క మాట రాలేదు.

మైకు వదిలేసి పారిపోదామని పక్కకి తిరిగితే అక్కడ వీరరాఘవమ్మ ఉంది.

ఎదురింటావిడ చెప్పిందేమో, కోడల్ని జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోదామనే వచ్చినట్టుంది. కొంగు నడుముకి బిగించి ఉంది. కానీ ఆ మాట విన్న చోటే ఆగిపోయినట్టు, రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి పక్కనుంచి పోయాడు. తర్వాత ఆవిడ నడుచుకుంటూ వచ్చి పార్వతి ముందు నిలబడింది. మైకు ఇద్దరి మధ్యా ఉంది. ఆ సంగతి ఆవిడకి తెలీదు.

"ఏందే నువ్వనేది?"

ఆ మాట సెంటరంతా మోగింది.

"ఇంటికాడ చెప్తా అత్తా. పద."

"ఈడ చెప్పు. ఊరందరికీ చెప్పినదానివి, నాకు చెప్పలేవా? నా కొడుకుని లోపలికి రానీయరా?"

"రానీయరు."

"ఒక్కసారన్నా?"

"ఒక్కసారి కూడా. బల్ల కింద కూర్చోమంటారు."

"ఏం బల్ల?"

"కూరగాయలు తరుగుతారే, ఆ బల్ల."

మాచర్ల బస్సు వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కలేదు. కండక్టరు మెట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు.

"నాతో బంకర్లో ఉన్నానన్నాడే. ముందు వంటోళ్ళనే తోస్తారన్నాడే."

"నువ్వు భయపడతావని అత్తా."

వీరరాఘవమ్మ నడుముకి బిగించిన కొంగు విప్పింది. ఆవిడ ఊపిరి మైకులోంచి పెద్దగా వినిపించింది.

"వాళ్ళకి అన్నం వండేది వాడేగా," అంది చివరికి. అరవలేదు, తిట్టలేదు. అర్థంకాక అడిగింది. అరటిపళ్ళ బండి దగ్గర పెద్దాయన తొక్క చేతిలోనే పట్టుకుని తల దించుకున్నాడు.

అప్పుడు ఆవిడ కళ్ళు సుధీర్ బాబు మీద పడ్డాయి.

"ఆడ ఫోన్ పట్టుకున్నది సుధీర్ కదే? ఒరేయ్ సుధీరూ! నా కొడుకుని పంపేటప్పుడు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగావు. ఆ తలుపు సంగతి చెప్పావంట్రా నాకు?"

జనమంతా ఒక్కసారి అటు తిరిగారు. సుధీర్ బాబు ఫోన్ దించి జేబులో పెట్టుకున్నాడు. అతను వేగంగా కారు దగ్గరికి పోయాడు.

*

ఆ రాత్రికే వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. సుధీర్ బాబు తీసింది కాదు, ఎవరో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తీసింది. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళ గ్రూపుల్లోకి కూడా పోయింది.

కోటి ఫోన్ ఎత్తలేదు.

సోమవారం పొద్దున కూడా ఎత్తలేదు. ఆ తర్వాత స్విచ్ఛాఫ్ అని వచ్చింది. తహసీన్ ఒక్కసారి ఫోన్ చేసి, "ఒట్టేశావు కదక్కా," అని ఏడ్చి పెట్టేసింది. మధ్యాహ్నం సుధీర్ బాబు చేశాడు. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

"నీ మొగుడి కార్డు లాక్కుని బేస్‌లోంచి బయటికి గెంటారు. ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. తృప్తిగా ఉందా?"

ఆమె షాపులోనే ఉంది. ఓణీల పిల్ల ఫ్లెక్సీ మెషీన్లోంచి మెల్లగా బయటికి వస్తోంది. ముందు జడ, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. పార్వతి ఆ రంగుల వాసన భరించలేక బయటికి పరిగెత్తి, కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. సత్యనారాయణ నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

"ఇంటికి పోమ్మా."

"ఇంటికాడ అత్త ఉండిద్ది అన్నయ్యా. ఏమని చెప్పను?"

చెప్పక తప్పలేదు. విని వీరరాఘవమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. తిడుతుందని పార్వతి ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

పొద్దు వాలుతుండగా టీవీలో చూపించారు. బేస్ మీద క్షిపణులు పడ్డాయి. ఇసక, పొగ, దూరంగా మంట. వార్తలు చదివే అమ్మాయి బేస్ పేరు తప్పు పలికినా పార్వతికి అర్థమైంది. వెనక వీధిలోంచి తహసీన్ ఏడుపు వినపడింది. ఆమె ఏడుపు వింటూ, తనూ ఏడవాలో వద్దో తెలీక పార్వతి ఫోన్ పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. బయటికి గెంటారన్నాడు. ఎక్కడికి గెంటారు? గేటు ముందేనా? గేటు ముందుంటే పడేది దాని మీదే కదా. అత్తాకోడళ్ళు ఒకరి పక్కన ఒకరు, మాట్లాడుకోకుండా, తెల్లారేదాకా అట్టాగే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేనే," అన్నాడు కోటి.

వీరరాఘవమ్మ ఫోన్ లాక్కుని, "ఒరేయ్ అబద్ధాలకోరు సచ్చినోడా," అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక ఫోన్ తిరిగి కోడలికిచ్చేసింది.

ఆదివారం రాత్రే అతన్ని పిలిచారట. వీడియో చూపించి, ఈమె నీ భార్యేనా అని అడిగారట. అవునన్నాడట. ఆ రెండో ఆవిడెవరంటే, మా అమ్మ అన్నాడట. మెడలో కార్డు తీసుకుని, ఫోన్ తీసుకుని, వ్యాన్‌లో ఎక్కించి ఎడారిలో కంపెనీ వాళ్ళ రేకుల క్యాంపులో పడేశారు. బేస్‌కి చానా దూరం. విమానాలు మళ్ళీ నడవగానే ఇంటికి పంపేస్తారు. మళ్ళీ ఎక్కడా పనికి తీసుకోరు.

"నిన్న మధ్యాహ్నం పడ్డాయి పార్వతీ. రేకుల షెడ్డు బయట నిలబడి చూశా. అంత దూరాన్నుంచి. వంటశాల కప్పు కూలిందంట." గొంతు తగ్గించి అన్నాడు: "నేనుండాల్సింది ఆ బల్ల కింద."

"మస్తానో?"

"బతికాడు. బల్ల ఆపింది. చెయ్యి కాలింది. కట్టు కట్టి, టెంటు వేసి, మళ్ళీ వంటకి పెట్టారంట. ఒక చేత్తో వండుతున్నాడంట పార్వతీ."

*

బుధవారం షాపు తెరవగానే తహసీన్ వచ్చింది. గుమ్మంలో ఆమెని చూడగానే పార్వతి లేచి రెండడుగులు వెనక్కి వేసింది. కొడుతుందనుకుంది. కొడితే పడదామనే అనుకుంది. అప్పుడే క్యారేజీ తెచ్చిన వీరరాఘవమ్మ ఇద్దరి మధ్యకీ రాబోయింది.

తహసీన్ కొట్టలేదు. స్టూలు మీద కూర్చుంది. కళ్ళు వాచి మూసుకుపోయి ఉన్నాయి.

"అక్కా, మస్తాన్‌ని కూడా తీసేయించు."

పార్వతికి అర్థం కాలేదు.

"మీ ఆయన్ని తీసేశారుగా. నువ్వు మైకులో చెప్పావు, తీసేశారు. బతికాడు. నేనూ చెబుతా. మా ఆయన్ని కూడా తీసేస్తారుగా?"

"పిచ్చిదానా, ప్రతిసారీ అట్టా జరగదే." పార్వతి ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "నాకు తెలిసి చేసింది కాదది. ఈసారి తీసేయకుండా జైల్లో పెడితేనో?"

"జైలు మీద బాంబు పడదు కదక్కా."

పార్వతి చేతులు తహసీన్ మోకాళ్ళ మీద ఉన్నాయి. సత్యనారాయణ మెషీన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో వీరరాఘవమ్మ క్యారేజీ కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"టీచరమ్మ ఇల్లెక్కడే?" అని అడిగింది.

"రైలుగేటు అవతల."

"పదండి ముగ్గురం. ఆవిడ్ని అడిగి మళ్ళీ మైకు పెట్టిద్దాం."

"నాకు మాటలు రావు పెద్దమ్మా," అంది తహసీన్. "అంతమంది ముందు ఏం చెప్పాలో తెలీదు."

"నాకు మాత్రం ఏం తెలిసిందే? పేరు చెప్పు. వాడి పేరు చెప్పి మొదలుపెట్టు. తర్వాతది అదే వచ్చిద్ది."

ముగ్గురూ రోడ్డెక్కారు. సున్నం లారీలు తెల్లటి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. వెనకనుంచి ఒకటి గట్టిగా హారన్ కొడితే ముగ్గురూ ఒకేసారి ఉలిక్కిపడి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. లారీ పోయాక కూడా ఎవరూ వదల్లేదు. తహసీన్ తల వంచుకుని నడుస్తూ, మొదట వినపడీ వినపడనట్టు, తర్వాత కొంచెం గట్టిగా, తనలో తనే చెప్పుకుంటోంది.

"మా ఆయన పేరు షేక్ మస్తాన్. మా ఆయన పేరు షేక్ మస్తాన్..."